మైకులో కందిరీగలు, మూతి మీద బెల్లం

"జర దులపనియ్యే. ఎన్నేండ్ల సంది అటక మీద పడి ఉన్నది గా హారన్. లోపట ఏమున్నదో చూడకుంట కరెంటు పెడ్తమా?"

"దులిపెటందుకు ఏమున్నదయ్యా? పాట పెడితే గా సప్పుడుకే దుమ్మంత బయటవడ్తది. ఉత్త పుణ్యానికి మంచి బట్టను మసిగుడ్డ చేసుకునుడెందుకు?"

"బట్ట పోతే పోనియ్యి. చెయ్యి పెట్టి తుడుస్త."

"పెట్టు. రేకు గీరుకుంటే మళ్ళ పసుపు కావాలంటవ్. మా ఇంట్ల పసుపు చెట్టుకు కాస్తలేదు."

మొదటి గొంతు మా ఆయనది. రెండోది నాది. ఈ తగాదాలో గెలిచింది నేనే. నా కాపురంలో నేను గెలిచిన తగాదాలకు లెక్క లేదు గానీ, గెలిచి ఇంత ఘోరంగా ఓడిపోయింది మాత్రం ఇదొక్కటే. ఆ గెలుపు పుణ్యమా అని సాయంత్రానికల్లా మా ఆయన చెవి పూరీలా పొంగింది. మా కోడలి మూతి అరిసెలా ఉబ్బింది. మా ఇంట్లో చీమలు జాతర చేసుకున్నాయి. అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు నా ఘనకార్యం సిద్దిపేట నడిరోడ్డు దాకా పోయింది. ఎట్లా పోయిందో చెబుతాను, నవ్వేది ఉంటే చివర నవ్వండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది.

రాష్ట్రం కోసం ఊరంతా రోడ్డు మీదే ఉంటున్న రోజులవి. బడులు మూతపడ్డాయి. బస్సులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. గజ్వేల్ మార్కెట్లో కూరగాయల కొట్టులో పని చేసే మా కొడుకు బంద్ వల్ల అక్కడే చిక్కుకుపోయాడు. రోజుకొక వీధి వాళ్ళు చౌరస్తాకు పోయి, రోడ్డు మధ్యలో రాళ్ళ పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, అక్కడే పాడి రావాలి. మర్నాడు మా వీధి వంతు.

వంటకు మనుషులకు కొదవ లేదు. పాటకే చిక్కొచ్చింది. మా వీధి ఆడవాళ్ళందరికీ అరవడం వచ్చు, పాడటం రాదు. అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే ఎవరో మా కోడలు సుజాత పేరు చెప్పారు. నేను నమ్మలేదు. సుజాత మా ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల నోటి నుంచి నేను విన్న పెద్ద మాట, "అత్తమ్మా, అన్నం పెట్టనా?" అనేదే. కానీ గిన్నెలు తోముతూ సన్నగా ఏదో పాడుకుంటుందని వీధికంతా తెలుసట. నా చెవులకు గిన్నెలు ఎక్కడ సొట్ట పడుతున్నాయో అన్న ధ్యాసే తప్ప పాట వినపడలేదు.

పాట కూడా తానే కట్టుకుంది. మా చెరువు, మా మగ్గం, మా మడి, మా మాట అంటూ సాగుతుంది. ప్రతి వరుసా "మా" అనే మొదలవుతుంది. ఒకసారి నా ముందు పాడమన్నాను. తల దించుకుని, కొంగు మెలిపెట్టుకుంటూ పాడింది. బాగుందని అనలేదు. "చింతపండు నానబెట్టినవా?" అని అడిగాను. నన్నెరిగిన వాళ్ళకు అదే మెచ్చుకోలు అని తెలుస్తుంది. ఆ రాత్రి ఆ పిల్ల సంతోషంతో రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. నలుగురిలో తలెత్తి మాట్లాడని పిల్ల, చౌరస్తాలో నిలబడి పాడటానికి ఒప్పుకుంది. వద్దని ఎవరన్నా ఒక్క మాట అన్నా వెనక్కి తగ్గేదే, కానీ ఎవరూ అనలేదు.

ఇక మైకు. కిరాయి మైకుకు ఇంటింటికీ చందా వేద్దామన్నారు. చందా అన్న మాట వినగానే నా చెయ్యి కొంగు ముడి మీదికి పోతుంది. "మా ఇంట్ల మైకున్నంక కిరాయి ఎందుకు?" అన్నాను. ఉన్నమాటే. మా ఆయన వయసులో ఉన్నప్పుడు పెళ్ళిళ్ళకు మైకు సెట్టు పెట్టేవాడు. తర్వాత బీరువాలంత సౌండు డబ్బాలు వచ్చి ఆయన ఉమ్మెత్త పువ్వులాంటి హారన్‌ను జనం పిలవడం మానేశారు. అది పశువుల కొట్టం అటక మీద, నోరు బయటికి తెరుచుకుని, అట్లా పడి ఉంది. నోరు తెరిచి పెట్టిన వస్తువులో ఏదో ఒకటి చేరుతుంది. ఆ సంగతి ఇప్పుడు మీకు చెబుతున్నాను. అప్పుడు నాకెవరూ చెప్పలేదు. మా ఆయన చెప్పాడు, కానీ మొగుడు చెప్పింది లెక్కలోకి రాదు కదా.

సాయంత్రం నాలుగింటి ఎండలో హారన్ దింపి వాకిట్లో గుంజకు కట్టాడు. వైర్లు కలిపాడు. సుజాత చేతికి మైకు ఇచ్చి ఎదురుగా నిలబెట్టాడు. మైకు మిషన్ పెట్టగానే హారన్‌లోంచి 'గుయ్' అని సప్పుడు వచ్చింది.

"వైరు లూజున్నట్టున్నది" అన్నాడు మా ఆయన.

"లూజు లేదు ఏం లేదు. సుజాతా, నువ్వు పాడు" అన్నాను.

సుజాత కళ్ళు మూసుకుంది. ఆ పాట మొదట్లో 'ఓ' అని పొడుగ్గా ఒక రాగం తీయాలి. తీసింది. హారన్ దద్దరిల్లింది. నేను చెప్పినట్టే దుమ్ము బయటికి వచ్చింది. "చూసినవా, దులుపకుంటనే దులిపింది" అని మా ఆయన వంక గర్వంగా చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. 'గుయ్' ఎక్కడిదా అని హారన్ మూతికి చెవి ఆనించి వింటున్నాడు. ఏళ్ళ తరబడి మైకు పని చేసిన మనిషి కదా, చెవితోనే జబ్బు కనిపెడతాడు.

కనిపెట్టాడు. కాదు, జబ్బే ముందుగా ఆయన చెవిని కనిపెట్టింది.

"సచ్చిన" అని చెవి పట్టుకుని కూర్చుండిపోయాడు. దుమ్ము వెనకాలే రెక్కలున్న దుమ్ము వచ్చింది. పసుపు చారల కందిరీగలు. ఎన్నేళ్ళ కాపురమో, ఎంత సంసారమో, ఇంటిల్లిపాదీ బయలుదేరాయి. పాపం వాటి తప్పేముంది? ప్రశాంతంగా పడుకున్న ఇంట్లో ఎవరన్నా 'ఓ' అంటే మనం మాత్రం ఊరుకుంటామా?

సుజాత ఇంకా కళ్ళు తెరవలేదు. రాగం మధ్యలో ఆపితే అత్తమ్మ ఏమంటుందో అని భయం. ఒకటి చెంప మీద, ఒకటి పై పెదవి మీద. రాగం అక్కడ విరిగిపోయింది.

నేను చీపురు తీసుకున్నాను.

"చీపురుతోని కొట్టకు, గవి ఇంక రేగుతయ్. లోపలికి నడువు" అని మా ఆయన అరుస్తూనే ఉన్నాడు. కొట్టాను. రేగాయి. మోచేతి మీద నాకొకటి పడింది. అప్పుడు ముగ్గురం ఇంట్లోకి ఉరికి తలుపు వేసుకున్నాం. మైకు వాకిట్లోనే పడి ఉంది. కందిరీగల సప్పుడంతా అందులోకి పోయి, హారన్‌లోంచి పెద్దదై, వీధంతా వినిపించింది. మా వీధి వంతు పాట ఒక రోజు ముందే మొదలైందని కొందరు అనుకున్నారట.

కాసేపటికి సుజాత మూతి చూశాను. పై పెదవి ముక్కుతో చుట్టరికం కలుపుకుంటోంది.

"నొప్పున్నదా?" అన్నాను.

"ఉన్నది అత్తన్నా."

"ఏందీ?"

"అత్తన్నా అంటున్న. అత్తన్నా అని రాతలేదు, అత్తన్నా అని అస్తున్నది."

నాకు అర్థం కాలేదు. మా ఆయన చెవి పట్టుకునే తేల్చాడు. "పెదాలు కలిస్తెనే 'మా' వస్తదే. దానికి పెదాలు కలుస్తలేవు. గందుకే 'నా' అంటున్నది."

అవునా కాదా అని మీరూ ఇప్పుడు పెదాలు కలపకుండా 'మా' అనడానికి చూసి ఉంటారు. నేనూ అప్పుడు అదే చేశాను. రాలేదు. అప్పుడు గుండెలో రాయి పడ్డట్టయింది. రేపు పొద్దున పాట. పాటలో ప్రతి వరుసా 'మా'. సుజాత కూడా అదే తలచుకున్నట్టుంది. గోడ వైపు తిరిగి, వినపడకుండా ఏదో అనుకుని చూసుకుంటోంది. "నా చెరు... నా నగ్గన్... నా నడి..." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కందిరీగ కుట్టినప్పుడు రాని నీళ్ళు.

"ఏం కాదు. పొద్దటి వరకు తగ్గిస్త" అన్నాను. ఎట్లా తగ్గిస్తానో నాకే తెలియదు.

"సున్నం పెట్టు" అన్నాడు మా ఆయన, తన పాన్ డబ్బా అందుకుంటూ.

"మెత్తటి పెదవికి సున్నం పెడితే మూతంత పొక్కుతది. నీ చెవికి పెట్టుకో."

ఆయన పెట్టుకోలేదు. పక్కవాళ్ళకు చెప్పే వైద్యం తన దాకా వస్తే ఎవరైనా అంతే.

మా గోడ అవతల హలీమా బీ ఇల్లు. బట్టలు కుడుతుంది. మర్నాటి కోసం జెండాలు కుట్టడానికి పొద్దుటి నుంచి మిషన్ తొక్కుతూనే ఉంది. ఏ నొప్పికైనా ఆమె దగ్గర ఒక మాట ఉంటుంది. వెనక తలుపు నుంచి గోడ దగ్గరికి పోయి గొంతెత్తాను.

"హలీమా, కోడలికి కందిరీగ కుట్టింది. ఏం పెట్టాలె?"

మిషన్ టకటక ఆగలేదు. మధ్యలోంచి మాట వచ్చింది. "సిర్కా లగావ్ అక్కా, సిర్కా. దూది తోటి."

ఆమె అన్నది ఇదీ. నేను విన్నది ఇది కాదు. మీరు నా మీద తీర్పు చెప్పే ముందు ఒక సంగతి ఆలోచించండి. సిర్కా అన్న మాట నా జన్మలో వినలేదు. శక్కర్ అన్న మాట ఆమె నోట దినాం వింటాను. చాయ్‌లో శక్కర్ తక్కువైంది, శక్కర్ అయిపోయింది, ఒక గిన్నెడు శక్కర్ ఇయ్యి. వినే చెవి తనకు తెలిసిన మాటనే పట్టుకుంటుంది.

"ఏందీ?" అన్నాను.

"సిర్కా, సిర్కా."

"శక్కరా?"

టకటకటక. "హౌ, హౌ. జల్ది పెట్టు."

మూడోసారి అడగవచ్చు. కానీ పలక మీద అక్షరాలు దిద్దేదాకానే చదివిన మనిషిని. రెండుసార్లు అడిగితే వినపడలేదంటారు, మూడోసారి అడిగితే తెలివి లేదంటారు. అందుకని తల ఊపి వచ్చేశాను.

చక్కెర డబ్బా దింపాను. మూత తీశాను. చుట్టాల కోసం దాచిన చక్కెర, ముత్యాల్లా మెరుస్తోంది. దాన్ని తీసుకుపోయి మూతికి పూయడానికి నా చెయ్యి ఒప్పుకోలేదు. పక్కనే బెల్లం కనిపించింది. మా తమ్ముడు దౌల్తాబాద్ నుంచి పంపిన బెల్లం. వానకు చెమ్మగిల్లి ఒక పక్క కారిపోతోంది. ఎట్లాగూ పాడయ్యేదే. చక్కెర కూడా తీపే, బెల్లం కూడా తీపే, కందిరీగ విషానికి ఆ తేడా ఏం తెలుస్తుంది అనుకున్నాను. ఖర్చు లేకుండా వైద్యం దొరికినందుకు లోపల కాస్త సంబరం కూడా పడ్డాను.

కారిన బెల్లాన్ని వేలితో తీసి సుజాత చెంప మీద, పై పెదవి మీద దట్టంగా పట్టించాను. నా మోచేతికి కొంచెమే రాసుకున్నాను. మా ఆయన తల అడ్డంగా తిప్పాడు. "కుట్టినందుకు మందు పెడ్తరా, నైవేద్యం పెడ్తరా?" అన్నాడు.

"చదువుకున్నోళ్ళు చెప్పిన మందు" అన్నాను. హలీమా బీ ఏం చదివిందో నాకు ఇప్పటికీ తెలియదు.

సుజాత చాప మీద పడుకుంది. "అత్తన్నా, గిది నందా?"

"మందే. నాకకు."

"నాకుతలేను. అదే లోతటికి జారుతున్నది."

"జారితే జారనియ్యి, మింగకు. మందు మింగితే పని చెయ్యది."

తలుపు సందులోంచి చూస్తే కందిరీగలు ఇంకా హారన్ చుట్టూ తిరుగుతున్నాయి. నేను బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి సుజాత కదిలింది.

"అత్తన్నా, నందు కుడుతున్నది."

"మందన్నంక పట్టుకుంటది. ఓర్చుకో."

"శాన కుడుతున్నది అత్తన్నా."

"శాన కుడితే శాన పని చేస్తున్నట్టు. కళ్ళు తెరువకు."

పాపం, ఆ పిల్ల తెరవలేదు. పెద్దవాళ్ళ మాట వినే కోడళ్ళు ఉండటం అత్తలకు మంచిది గానీ కోడళ్ళకు మంచిది కాదు. నా మోచేతి మీద కూడా మందు పట్టుకోవడం మొదలైంది. బాగా పట్టుకుంటోందని చూసుకున్నాను. మోచెయ్యి ఎర్రగా కదులుతోంది. అప్పుడు నేల చూశాను. గడప దగ్గర నుంచి చాప దాకా ఎర్ర చీమలు బారు కట్టి వస్తున్నాయి. చౌరస్తాకు పోయే ఊరేగింపులో కూడా అంత క్రమశిక్షణ చూడలేదు నేను. ఆ బారు చాప ఎక్కి, జడ పక్కగా పోయి, మా కోడలి గడ్డం మీద మీటింగ్ పెట్టింది.

నేను వేసిన కేక గోడ దాటింది. మిషన్ ఆగింది. హలీమా బీ మెడలో టేపు వేలాడుతుండగానే వెనక తలుపు నుంచి ఉరికివచ్చింది. నేను కొంగుతో చీమలు దులుపుతున్నాను. కొంగు బెల్లానికి అంటుకుంటోంది. చీమలు కొంగుకు అంటుకుంటున్నాయి.

"యా అల్లా. రాజక్కా, మూతికి ఏం పెట్టినవ్?"

"నువ్వు చెప్పిందే పెట్టిన."

"నేను సిర్కా చెప్పిన."

"నేను శక్కరే పెట్టిన. శక్కర్ ఖరాబు చేసుడెందుకని బెల్లం పెట్టిన."

హలీమా బీ నన్ను చూసింది. సుజాతను చూసింది. చీమల బారును మొదటి నుంచి చివరి దాకా చూసింది. అక్కడే నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆమె ఊపిరి ఆడకుండా నవ్వుతుంటే, కుట్టించుకున్న వాళ్ళను ముందు చూడాలా, ఈమెను ముందు చూడాలా అని మా ఆయనకు అనుమానం వచ్చింది.

నవ్వడం అయ్యాక మాత్రం ఆమె చేతులు చకచకా నడిచాయి. ముందు సుజాత మొహం ఎత్తి పట్టుకుంది. "ఊపిరి మంచిగ ఆడుతున్నదా బిడ్డా? గొంతు పట్టేసినట్టున్నదా? కండ్లు తిరుగుతున్నయా?" అని అడిగింది. లేదని సుజాత తల ఊపింది. "అట్ల ఏమన్నయితే సిర్కా లేదు గిర్కా లేదు, ఎత్తుకోని దవాఖానకే. యాదిపెట్టుకో అక్కా" అన్నది నాతో. తర్వాత సబ్బు నీళ్ళతో బెల్లం, చీమలు అన్నీ పోయేలా కడిగింది. కుండలోని చల్లటి నీళ్ళలో బట్ట తడిపి పెదవి మీద వేసింది. గోకవద్దని చెప్పింది. ఆఖరికి ఇంటికి పోయి ఒక సీసా తెచ్చి, దూది తడిపి చెంప మీద మెల్లగా అద్దింది. పెదవి దగ్గరకు రానీయలేదు.

వాసన చూశాను. పులిసి పులిసి ప్రాణం మీదికి వచ్చిన కల్లు వాసన.

"ఏంది గిది?"

"సిర్కా. ఉల్లిగడ్డలు ఊరవెట్టుకుంటం గదా, గా పుల్లటి నీళ్ళు. అనుమానం ఉంటె ఇంకోసారి అడగాలె గదా అక్కా."

"ఇంకోసారి అడిగినా నువ్వు హౌ అన్నవ్."

"మిషన్ సప్పుడుల నాకేం వినవడ్తది? నువ్వు ఏమన్నా హౌ అంట."

ఇద్దరికీ వినపడలేదన్నమాట. ఇద్దరం తల ఊపాం. కుట్టింది మాత్రం మూడో మనిషికి. సీసా మా ఇంట్లోనే ఉంచి, రేపు చౌరస్తాకు తెమ్మని, అక్కడ ఎవరికన్నా ఏమన్నా కుడితే పనికొస్తుందని చెప్పి ఆమె జెండాల దగ్గరకు పోయింది.

పొద్దు గూకే వేళకు, కందిరీగలు మెత్తబడ్డాక, మా ఆయన తల నిండా దుప్పటి కప్పుకుని హారన్ కింద వేపాకు పొగ పెట్టాడు. పొగకు మిగిలినవి లేచిపోయాయి. తుట్టెను కర్రతో రాల్చి, దులిపి, తుడిచి, హారన్ మూతికి బట్ట కట్టాడు. నేను వద్దన్న మంచి బట్టే. ముడి వేస్తుంటే దాని అంచు నేనే పట్టుకున్నాను.

సుజాత దగ్గర కూర్చున్నాను. "అత్తమ్మా అను."

"అత్తన్నా."

బట్ట తడిపి మళ్ళీ వేశాను. "ఇప్పుడను."

"అత్తన్నా."

మా ఆయన అటు నుంచి వస్తూ, "జై తెలంగాణ అను బిడ్డా" అన్నాడు.

"జై తెలంగాణ" అన్నది సుజాత. గంట కొట్టినట్టు, స్పష్టంగా.

ముగ్గురం మొహాలు చూసుకున్నాం. నేను కూడా పెదాలు విడదీసి పట్టుకుని అని చూశాను. వచ్చింది. అక్షరం పోకుండా వచ్చింది. మీరూ చూడండి, ఎక్కడా పెదాలు కలపక్కర్లేదు. మూతి వాచిన వాళ్ళు కూడా అడగగలిగిన రాష్ట్రం మాది.

"నినాదాలు గట్టిగ ఇస్త అత్తన్నా. తాట రాదు" అన్నది సుజాత, తల దించుకుని. నవ్వాలని చూసింది గానీ పెదవి సాగలేదు. ఇన్నేళ్ళకు ఆ పిల్ల నలుగురి ముందు నోరు తెరుస్తానంటే, నేను ఆ నోటినే మూసేశాను. అయినా దిగులు బయటపడనిచ్చే రకం కాదు నేను.

"పొద్దటికి తగ్గకపోతే నీ పాట నేనే పాడ్త" అన్నాను.

సుజాత కళ్ళు పెద్దవయ్యాయి. "దద్దు అత్తన్నా" అని గబుక్కున తడిబట్టను మూతికి అదిమి పట్టుకుంది. దాంతోనే సగం వాపు తగ్గి ఉంటుందని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

తెల్లారింది. నేను పొయ్యి ముందు కట్టెలు సర్దుతున్నాను. వెనక నుంచి మాట వినిపించింది.

"అత్తమ్మా, నీళ్ళు మసులుతున్నయి."

"మసులుతే దించు" అన్నాను. తర్వాత చేతిలో కట్టె అట్లాగే ఆగిపోయింది. తిరిగి చూశాను. పెదవి కాస్త లావుగా ఉంది, అంతే. కొత్తగా బుంగమూతి పెట్టిన పిల్లలా ఉంది. "ఇంకోసారి అను" అందామనుకున్నాను. "పొగ" అని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

చౌరస్తాలో హారన్ కట్టారు. మూతికి కట్టిన బట్ట మా ఆయన విప్పి, లోపల చూసి, నాకు కూడా చూపించి, అప్పుడు కరెంటు పెట్టాడు. సుజాత ఈసారి కళ్ళు తెరుచుకునే పాడింది. మొదట 'ఓ' తీసినప్పుడు నేను చెవులు మూసుకున్నాను. ఏమీ రాలేదు. ఆ తర్వాత 'మా చెరువు' అన్నది. 'మా మగ్గం' అన్నది. 'మా' అన్న ప్రతిసారి నేను ఆ పిల్ల పెదాలే చూశాను. కలుస్తున్నాయి. విడిపోతున్నాయి. మళ్ళీ కలుస్తున్నాయి. పాట ఎట్లా ఉందో నన్నడగకండి. నేను పెదాలే విన్నాను. రోడ్డు మీద వాళ్ళంతా మాత్రం వరుసకు వరుస అందుకున్నారు. నా గుండెలో రాయి అప్పుడు దిగింది.

కథ ఇక్కడ ఆపేస్తే నాకు పరువు దక్కేది.

పక్కనే రాళ్ళ పొయ్యి మీద పెద్ద డేగిశ నిండా పాలు పొంగుతున్నాయి. అందరికీ చాయ్. హలీమా బీ గరిటె తిప్పుతూ, ఇంకో చేత్తో పొగ విసురుకుంటూ నన్ను పిలిచింది. చుట్టూ నినాదాలు, చప్పట్లు. "రాజక్కా, శక్కర్ డాలో" అన్నది.

శక్కర్ అని స్పష్టంగానే వినపడింది. అందుకే అనుమానం వచ్చింది. నిన్న కూడా ఇంతే స్పష్టంగా వినపడింది కదా. నిన్న శక్కర్ అని వినపడ్డది సిర్కా అయ్యింది. అయితే ఇవాళ్టిది కూడా సిర్కాయే అయ్యుండాలి. పాలలో పుల్లటి నీళ్ళెందుకు అని ఒక్క క్షణం అనిపించింది. కానీ హలీమా వాళ్ళు చాయ్‌లో పుదీనా వేస్తారు, నిమ్మకాయ పిండుతారు, ఇది కూడా ఏదో పద్ధతి అయ్యుంటుంది. ఆమె సిర్కాను శక్కర్ అనుకునే కదా నిన్న అంత గోల. మళ్ళీ అడిగి మాట పడటం ఎందుకు? కొంగులో మూటకట్టుకున్న సీసా తీశాను. జీవితంలో మొదటిసారి పిసినారితనం చేయకూడదనుకున్నాను. ఉన్నదంతా ఒంపేశాను.

పాలు ఒక్కసారి ఆగినట్టయ్యాయి. తర్వాత ముక్కలు ముక్కలై తిరగడం మొదలుపెట్టాయి.

హలీమా బీ గరిటె ఆగింది. "అక్కా, ఏం వేసినవ్?"

"నువ్వు చెప్పిందే. సిర్కా."

"నేను శక్కర్ చెప్పిన."

"నిన్న శక్కర్ అని వినవడితె సిర్కా అన్నవు గద హలీమా."

"నిన్న సిర్కా చెప్పిన, నువ్వు బెల్లం పెట్టినవ్. ఇయ్యాల శక్కర్ చెప్పిన, నువ్వు సిర్కా పోసినవ్. నేను నీతోని ఏ భాషల మాట్లాడాలె?"

"కోడలి మూతికి చీమలు పట్టేదాక నీ మిషన్ ఆపినవా నువ్వు?"

అప్పుడు గమనించాను. చౌరస్తాలో చప్పట్లు ఆగిపోయాయి. నినాదాలు ఆగిపోయాయి. మా మాటలు రెండుసార్లు వినపడుతున్నాయి, ఒకసారి మా నోటి నుంచి, ఒకసారి ఆకాశం నుంచి. తలెత్తి చూస్తే నా పక్కన సుజాత. పాలకు ఏమైందో చూద్దామని వచ్చింది. చేతిలో మైకు. మైకు ఆపలేదు.

ఊరు ఊరంతా నా వైపే చూస్తోంది. సుజాత మైకు నోటి దగ్గర పెట్టుకుంది. ఏనాడూ నా ఎదుట ఎదురు మాట అనని పిల్ల, రెండు పెదాలూ గట్టిగా కలిపి, ఎవరికీ అనుమానం లేకుండా చెప్పింది.

"మా అత్తమ్మ."

ఇక నవ్వు ఆపడం ఎవరి తరం కాలేదు. నా తరం కూడా కాలేదు.

కాబట్టి ఆ డేగిశ ముందు నిలబడి, ఎట్లాగూ కారిపోతోందని వంటకు వెంట తెచ్చిన నా బెల్లం డబ్బా మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను, అది ఈనాటికీ దాటలేదు. ఇక మీదట ఎవరు ఏ మందు చెప్పినా, ఏ వంట చెప్పినా, ఆ వస్తువు తెచ్చి నా కళ్ళ ముందు పెట్టి, నేను వాసన చూసి, ఇదేనా అని అడిగి, ఇదే అని మనిషి నోటితో చెప్పేదాకా చెయ్యి కదపను. ఆ చెప్పేటప్పుడు మిషన్ గానీ మైకు గానీ నడవకూడదు. నోరు తెరిచి ఉన్న ఏ వస్తువునూ దులపకుండా వాడను. దులిపే బట్ట గురించి మాట్లాడను.

ఆ పొద్దున మా వీధి వంతుకు చాయ్ లేదు. విరిగిన పాలు గుడ్డలో వడగట్టి, నాలుగు నీళ్ళు పోసి పులుపు పోయేదాకా కడిగి, మిగిలిన బెల్లం కలిపి విస్తరాకుల్లో పంచాను. హలీమా బీ రెండోసారి పెట్టించుకుంది. సుజాత పెదవులు నాక్కుంటూ తిన్నది, నేను వద్దనలేదు. ఏమీ మిగలలేదు.